బొటనవేలు అడగని చదువు కావాలి

బడి తాళం తీసేది మనోళ్లే. వాకిలి ఊడ్చేది మనోళ్లే. పొయ్యి ముట్టించి పిల్లలకి అన్నం వండేది మనోళ్లే. అంగన్‌వాడీలో పసిపిల్లల ముక్కు తుడిచి, ఒళ్లో కూర్చోబెట్టుకుని 'అ' దిద్దించేది మనోళ్లే. మండల కేంద్రంలో ప్రైవేటు బళ్లో ఏడెనిమిది వేల జీతానికి పొద్దున్నుంచి సాయంత్రం దాకా గొంతు చించుకునేదీ మనోళ్లే. ఇన్ని పనులు చేసి "నేనూ పంతులమ్మనే" అని గట్టిగా అనబోయేసరికి ఒక ప్రశ్న అడ్డమొచ్చి నిలబడుతుంది: "నీకు సర్టిఫికెట్ ఉందా?"

ఆ ప్రశ్న అడగడం తప్పని మేం అనడం లేదు. శిక్షణ లేని టీచరు మన పిల్లల ముందు నిలబడాలని మేం కోరుకోవడం లేదు. సర్కారు బడికీ, చౌక ప్రైవేటు బడికీ ఎక్కువగా పోయేది మన పిల్లలే కదా. మేం అడిగేది వేరే. సర్టిఫికెట్ తెచ్చుకోమన్నారు. మనోళ్లు పనిచేస్తూ, రాత్రిళ్లు చదివి, అప్పు చేసి తెచ్చుకున్నారు. తెచ్చాక "ఇది ఆ సర్టిఫికెట్ కాదు" అన్నారు. ఇదేం న్యాయం?

మొన్న ఒక వాడలో రాత్రి మీటింగు పెట్టుకున్నాం. పాతిక మంది దాకా వచ్చారు. చివర్న ఒక అక్క లేచింది. పేరు రాయొద్దంది, రాయడం లేదు.

"పదేండ్లు పిల్లలకు సదువు చెప్పిన. ఇప్పుడు నాకే సదువు లేదంటున్నరు" అంది.

ఆమె డిగ్రీ చదివింది. మండల కేంద్రంలో ఒక ప్రైవేటు బళ్లో ఒకటి నుంచి మూడో తరగతి దాకా చెప్పేది. అపాయింట్‌మెంటు కాగితం లేదు. జీతం చేతికిచ్చేవాళ్లు. ఎండాకాలం రెండు నెలలు అదీ లేదు. 2017లో యజమాని అందర్నీ పిలిచి, 2019 లోపు డి.ఎల్.ఇడి. లేకపోతే ఇంటికి పొమ్మన్నాడు. ఆమె చేరింది. ఫీజు తనదే, బస్సు చార్జీలు తనవే. పాఠాలు ఫోన్‌లో వచ్చేవి. ఇంట్లో ఉన్నది ఒకటే ఫోను, అదీ ఇంటాయన దగ్గర. ఆయన తిని పడుకున్నాక, అంట్లు తోమి, పిల్లల్ని పండబెట్టి పది దాటాక కూర్చునేది. సెలవు రోజుల్లో ఇరవై కిలోమీటర్ల దూరంలో స్టడీ సెంటర్ క్లాసులు. అట్లా పద్దెనిమిది నెలలు నడిపి పాసయ్యింది.

2020 మార్చిలో కరోనా వచ్చి బడి మూతపడింది. ఆమె పత్తి ఏరడానికి పోయింది, ఉపాధి హామీ పనికి పోయింది. ఆ బడి మళ్లీ తెరవలేదు. 2021లో తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకి నెలకు రెండు వేల రూపాయలు, పాతిక కిలోల బియ్యం ఇచ్చినప్పుడు ఆ లిస్టులో తన పేరు లేదంది. 2023లో ఎవరో చెప్పారు, "నీ డిప్లొమా చెల్లదట" అని. తర్వాత ఇంకెవరో వచ్చి, "చెల్లుతుందట గానీ, 2017 ఆగస్టు 10న ఉద్యోగంలో ఉన్నట్టు రుజువు కావాలట" అన్నారు.

"రుజువు యాడికెల్లి తేవాలె? ఆ సార్ బడి బిల్డింగు అమ్ముకుని ప్లాట్ల బిజినెస్ చేస్తున్నడు" అని కూర్చుంది.

ఆమె ఒక్కతి కథే అయితే సంపాదకీయం రాయక్కర్లేదు. అసలేం జరిగిందో ఊరూరా తెలియాలి. అందుకే వరసగా చెప్తున్నాం.

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకొచ్చింది. శిక్షణ లేని టీచర్లు ఐదేళ్లలో అర్హత తెచ్చుకోవాలని అందులో రాశారు. ఐదేళ్లు గడిచాయి. లక్షలాది మందికి శిక్షణ అందనే లేదు. అప్పుడు పార్లమెంటు చట్టాన్ని సవరించి, 2019 మార్చి 31 దాకా గడువు పెంచింది. 2017 ఆగస్టు 10న వచ్చిన ఆ సవరణ సర్కారు, ప్రైవేటు తేడా లేకుండా అందరికీ వర్తించింది. జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ, అంటే ఎన్‌ఐఓఎస్, ఆ ఏడాది అక్టోబరులో ప్రత్యేకంగా డి.ఎల్.ఇడి. కోర్సు మొదలుపెట్టింది. పాఠాలు 'స్వయం' అనే ఆన్‌లైన్ వేదిక మీద, 'స్వయంప్రభ' టీవీ చానళ్లలో. దేశం మొత్తమ్మీద 13 లక్షలకు పైగా టీచర్లు చేరారు. పనిచేస్తూ ఆన్‌లైన్‌లో చదివే టీచర్ల కోర్సుల్లో ఇంత పెద్దది ఈ దేశం అంతకుముందు చూసి ఉండదు.

మామూలు డి.ఎల్.ఇడి. రెండేళ్లు. ఇది పద్దెనిమిది నెలలు. మెలిక అక్కడ పడింది. కోర్సు నడిపించింది కేంద్రం. నెలలు లెక్కపెట్టి ఖాయం చేసింది కేంద్రం. తీరా 2019లో బీహార్ ప్రభుత్వం అడిగితే, కొత్త ఉద్యోగాలకి ఇది పనికిరాదని ఎన్‌సిటిఇ జవాబు రాసింది. 2020 జనవరిలో పాట్నా హైకోర్టు ఆ మాట చెల్లదంది. 2023 నవంబరు 28న సుప్రీంకోర్టు ఇంకో కేసులో, పద్దెనిమిది నెలల డిప్లొమా రెండేళ్ల డిప్లొమాతో సమానం కాదంది. ఏడాది పాటు ఈ టీచర్లు గుండెలు అరచేతిలో పెట్టుకుని బతికారు. 2024 డిసెంబరులో అదే సుప్రీంకోర్టు వివరణ ఇచ్చింది. 2017 ఆగస్టు 10 నాటికి ఉద్యోగంలో ఉండి, 2019 ఏప్రిల్ 1 లోపు కోర్సు పూర్తిచేసినవాళ్లకి ఇది చెల్లుతుంది. 2025 ఏప్రిల్‌లో పశ్చిమ బెంగాల్ టీచర్ల కేసులోనూ ఆ మాటే నిలబెట్టింది.

అంటే చదువు గెలిచింది. కానీ గెలిచింది ఎవరికి? ఉద్యోగం కాగితం ఉన్నవాడికి. కాగితం ఇవ్వకుండా పనిచేయించుకున్న యజమానికి శిక్ష లేదు. కాగితం అడగలేని ఆడకూతురికి పడింది శిక్ష.

దూరవిద్యకి ఈ దేశంలో మొట్టమొదటి విద్యార్థి ఏకలవ్యుడు. గురువు దగ్గరికి రానివ్వలేదు. మట్టిబొమ్మని పెట్టుకుని అడవిలో నేర్చుకున్నాడు. విద్య వచ్చేదాకా అతన్ని ఎవడూ పట్టించుకోలేదు. వచ్చిందని తెలిశాకే బొటనవేలు అడిగారు. ఇవాళ మట్టిబొమ్మ పోయి ఫోను వచ్చింది. వేలు అడిగే పద్ధతి మారింది. కత్తితో కాదు, "ఈ నెలలు తక్కువ, ఆ కాగితం లేదు" అంటూ కలంతో అడుగుతున్నారు.

కొందరు పెద్దమనుషులు అంటారు: "ఆన్‌లైన్ చదువు చదువేనా? ఇంట్లో కూర్చుని రాసుకునే పట్టాలు" అని. వాళ్లకి మన చరిత్ర గుర్తుచేద్దాం.

సావిత్రిబాయి పెళ్లయ్యాక భర్త జోతిరావు దగ్గర చదువు నేర్చుకుంది. టీచరు శిక్షణ తీసుకుంది. 1848లో పూణేలో ఆడపిల్లల బడి తెరిచేనాటికి ఆమెకి పదిహేడేళ్లు. ఆమెకి ఇంటి చదువు తక్కువ చదువు కాలేదు.

బాబాసాహెబ్ సంగతి చూడండి. బరోడా సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్ గడువు అయిపోతే, లండన్ చదువు సగంలో ఆపి 1917లో తిరిగొచ్చారు. 1918 నుంచి 1920 దాకా బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసరుగా పనిచేశారు. ఆ జీతంలో మిగుల్చుకున్న డబ్బుకి, కొల్హాపూర్ షాహూ మహారాజ్ సాయం, స్నేహితుడి అప్పు కలుపుకుని మళ్లీ లండన్ వెళ్లారు. 1923లో డి.ఎస్సీ. పట్టా తీసుకున్నారు. అంటే మన నాయకుడు కూడా పాఠం చెప్పి సంపాదించుకున్న డబ్బుతో తన చదువు పూర్తిచేసుకున్నవాడే. పనిచేస్తూ చదువు నిలబెట్టుకోవడం మనకి చిన్నతనం కాదు. అది మన ఇంటి ఆనవాయితీ.

1982లో హైదరాబాదులో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టారు. 1991లో దానికి అంబేద్కర్ పేరు పెట్టారు. బడి మొహం చూడనివాళ్లు కూడా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలు అప్పట్లో ఉండేది. కూలికి పోయేవాళ్లు, కండక్టర్లు, నర్సులు, పోలీసోళ్లు ఆదివారం క్లాసులకి పోయి డిగ్రీలు తెచ్చుకున్నారు. మన వాడల్లో ఎన్ని ఇళ్లల్లో మొదటి డిగ్రీ దూరవిద్యలోనే వచ్చిందో లెక్క తీయండి. ఆ పట్టాల్ని వెక్కిరించేవాడు ఎవర్ని వెక్కిరిస్తున్నాడో మనకి తెలుసు.

ఇంకో మాట కూడా చెప్పాలి. బళ్లో పనిచేస్తూ చదివేవాళ్లకి పుస్తకం త్వరగా అర్థమవుతుంది. మా అక్క చెప్పిందే వినండి. కోర్సులో పిల్లల ఇంటి భాష మీద ఒక పాఠం ఉంది. ఆమె తరగతిలో తండా పిల్లలు నలుగురు. ఇంట్లో లంబాడీ భాష, బళ్లో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు. ఆ పిల్లలు ఎందుకు నోరు విప్పరో అంతకుముందు ఆమెకి తెలియదు, మొద్దులనుకునేదట. రాత్రి పాఠం విని, పొద్దున వాళ్ల భాషలో లెక్కలు చెప్పమని అడిగింది. నలుగురూ వేళ్లు లేపారు. రాత్రి చదివింది పొద్దునకల్లా చేసి చూసుకునే వీలు, రోజంతా కాలేజీలో కూర్చునేవాళ్లకి ఎక్కడుంది? పనిచేస్తూ చదివే చదువు బలం అదే. దాన్ని తగ్గించి చూడటం అంటే, చేసిన పనిని చదువుగా లెక్కకట్టకపోవడమే.

ఇక అంగన్‌వాడీల సంగతి. తెలంగాణలో 35,700 కేంద్రాలు, ఆంధ్రప్రదేశ్‌లో 55 వేలకు పైగా. 2020 జాతీయ విద్యావిధానం ఏం రాసింది? ఇంటరు, ఆపైన చదివిన అంగన్‌వాడీ టీచర్లకి ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు, అంతకంటే తక్కువ చదివినవాళ్లకి ఏడాది డిప్లొమా ఇవ్వాలని రాసింది. టీవీ చానళ్ల మీద, స్మార్ట్‌ఫోన్ మీద నేర్పొచ్చంది. ఉన్న పనికి పెద్దగా ఆటంకం లేకుండా నేర్చుకోవచ్చంది. పనికి ఆటంకం లేదు సరే, మరి దేనికి ఆటంకం? నిద్రకి! పిల్లల బరువులు, ఎత్తులు, హాజరు ఆ ఫోన్‌లోనే ఎక్కించాలి. గుడ్లు, పాల లెక్క ఆ ఫోన్‌లోనే చూపాలి. సిగ్నల్ లేకపోతే చెరువు కట్ట ఎక్కాలి. రాత్రికి అదే ఫోన్‌లో చదువుకోవాలి. ఇవన్నీ చేసేవాళ్లకి ఇచ్చేది జీతం కాదట, గౌరవ వేతనం. దాన్ని కేంద్రం 2018 అక్టోబరులో నాలుగున్నర వేలుగా ఖాయం చేసింది. ఆపైన ఇచ్చేది రాష్ట్రాలే కలపాలి. ఆంధ్రాలో 2023 డిసెంబరు నుంచి 42 రోజులు సమ్మె చేస్తే ఎస్మా ప్రయోగించారు. సమ్మె చేస్తే అత్యవసర ఉద్యోగి, జీతం అడిగితే గౌరవ కార్యకర్త!

2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు వీళ్లకి గ్రాట్యుటీ ఇవ్వాలని తీర్పు చెప్పింది. వీళ్లు చేస్తున్నది పూర్వ ప్రాథమిక విద్య పని కూడా అని ఆ తీర్పు గుర్తించింది. కోర్టు గుర్తించింది, సర్కారు ఎప్పుడు గుర్తిస్తుంది?

ఆయాలకి ఒక దారి ఉంది. చాలామందికి తెలియదు. 2022 ఆగస్టులో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం అంగన్‌వాడీ టీచరు పోస్టుల్లో సగం, ఐదేళ్లు పనిచేసిన, అర్హత ఉన్న ఆయాలతో నింపాలి. అర్హత అంటే ఇంటరు. ఏడో తరగతిలోనో తొమ్మిదిలోనో ఆగిపోయిన మన అక్కలు ఓపెన్ స్కూల్లో పది కట్టి, ఇంటరు కట్టి పాసైతే ఆ పోస్టు అడిగే హక్కు వస్తుంది. మధ్యాహ్న భోజనం వంటలో దళితులకు, ఎస్సీ, ఎస్టీలకు ప్రాధాన్యం ఇవ్వాలని 2004 ఏప్రిల్ 20న సుప్రీంకోర్టు చెప్పింది. ఆ పోరాటం గొప్పదే. కానీ మన బతుకు పొయ్యి దగ్గరే ఆగిపోవాలా? పొయ్యి నుంచి నల్లబల్ల దాకా ఎన్ని అడుగులు? పది అడుగులు. ఆ పది అడుగులు వేయడానికి మన తల్లులకి తరాలు పడుతున్నాయి.

మనల్ని మనం కూడా ప్రశ్నించుకోవాలి. మనలోనూ కొందరు "హాజరు అక్కర్లేదు, డబ్బులు కడితే ఇంటికే బి.ఇడి." అనే ఏజెంట్ల చేతిలో పుస్తెలు తాకట్టు పెట్టిన డబ్బులు పోశారు. ఇంకొందరు అసైన్‌మెంట్లు కొనుక్కొచ్చి సంతకం పెట్టారు. తిట్టాలని కాదు, బాధతో రాస్తున్నాం. కొన్న పట్టా మనల్ని ఎక్కడికీ తీసుకుపోదు. పైగా కష్టపడి చదివిన పదిమంది పట్టాల మీద మచ్చ వేస్తుంది. ఆ మచ్చ చూపించే వాళ్లు అందర్నీ కలిపి కొడతారు.

అందుకే ఈ పదిహేను రోజుల్లో ప్రతి వాడలో, ప్రతి సంఘం మీటింగులో ఈ మాటలు చదివి వినిపించండి.

ఒకటి. డబ్బు కట్టేముందు కోర్సుకి ఎన్‌సిటిఇ గుర్తింపు ఉందో లేదో చూడండి. 2014 నాటి నిబంధనల్లో టీచరు కోర్సులకి రెండే దారులు రాశారు: నేరుగా తరగతికి పోవడం, దూరవిద్య. మొత్తం ఆన్‌లైన్‌లోనే బి.ఇడి. అని ఎవడైనా అంటే నమ్మొద్దు. దూరవిద్య బి.ఇడి. కూడా అందరికీ ఇవ్వరు. శిక్షణ పొంది ఎలిమెంటరీ బళ్లల్లో పనిచేస్తున్నవాళ్లకి, లేదా నేరుగా తరగతికి పోయి టీచరు కోర్సు చేసినవాళ్లకే. నిబంధనలు మారుతుంటాయి, చేరే ఏడాది మళ్లీ చూసుకోండి.

రెండు. ఏ తరగతికి చెప్పాలనుకుంటున్నారో ముందే తేల్చుకోండి. ఒకటి నుంచి ఐదు దాకా చెప్పే పోస్టుకి బి.ఇడి. పనికిరాదని 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు చెప్పింది. దానికి డి.ఎల్.ఇడి. కావాలి. టెట్ కూడా వదలొద్దు. 2025 సెప్టెంబరు 1 తీర్పులో, రిటైరవడానికి ఐదేళ్లకు మించి ఉన్న పాత టీచర్లు కూడా రెండేళ్లలో టెట్ పాసవ్వాలన్నారు.

మూడు. పనిచేస్తున్న బళ్లో కాగితం అడగండి. అపాయింట్‌మెంటు ఆర్డరు, బ్యాంకులో జీతం, ఏటా సర్వీసు సర్టిఫికెట్. ఒక్కరే అడిగితే తీసేస్తారు. పదిమంది కలిసి అడగండి, వెనక సంఘం నిలబడుతుంది.

నాలుగు. ఒంటరిగా చదవొద్దు. అంబేద్కర్ భవనంలో వారానికి రెండు రాత్రులు చదువు కూటం పెట్టండి. ఒక మంచి ఫోనో టీవీయో పదిమందికి చాలు. ముందు పాసైనవాళ్లు వెనక వచ్చేవాళ్లకి చెప్పాలి. ఆ రెండు రాత్రులూ అన్నం ఇంటాయన వండాలి. జై భీమ్ అని గొంతెత్తే మగవాళ్లకి ఈ మాట కొత్త కాకూడదు. పెళ్లాం చదువుకుంటుంటే గరిటె పట్టుకున్నవాడి అంబేద్కరిజం ఏమీ తగ్గదు.

ఇక ప్రభుత్వాల్ని అడగాల్సినవి. పనిచేస్తూ టీచరు కోర్సు చదివేవాళ్లకి తరగతులు, పరీక్షల రోజులకి జీతంతో సెలవు ఇవ్వాలి. మండలానికొక స్టడీ సెంటరు పెట్టాలి. దూరవిద్య చదివే ఎస్సీ, ఎస్టీల ఫీజు పూర్తిగా సర్కారే కట్టాలి. అంగన్‌వాడీ టీచరుకి చదువు కోసమని పనిగంటల్లోనే గంట కేటాయించాలి. ఒకసారి ప్రభుత్వమే పెట్టి చదివించిన కోర్సుని మధ్యలో చెల్లదనడం ఆపాలి. ఎన్‌ఐఓఎస్‌లో చేరేటప్పుడు బడి యూడైస్ నంబరు వేసుకుని, హెడ్మాస్టరు ధ్రువీకరించాకే చేర్చుకున్నారు. ఆ నమోదే ఉద్యోగానికి రుజువు కావాలి. మూతపడ్డ బళ్ల టీచర్లని కొత్త కాగితం కోసం యజమానుల గడప తొక్కించొద్దు.

ఆ రాత్రి మీటింగు అయ్యాక అక్క ఇంటికి పోయి ట్రంకుపెట్టె దించాం. ఎన్‌ఐఓఎస్ అడ్మిషన్ ప్రింటు దొరికింది. దాని మీద బడి నంబరు ఉంది. ఇంతలో పక్కింటి తల్లి ఒకామె ఏదో చేత్తో పట్టుకుని వచ్చింది. ఆమె కొడుకు ఆ బళ్లోనే చదివాడు. అతని రెండో తరగతి ప్రోగ్రెస్ కార్డు, 2017 జులై పరీక్షది, దాచిపెట్టుకుంది. ఆమెకి చదువు రాదు, మార్కులు ఎన్నో తెలియదు. కొడుకు పేరు అచ్చులో మొదటిసారి చూసిన కాగితమని దాచిందట. కార్డు కింద క్లాస్ టీచర్ అన్న చోట అక్క సంతకం ఉంది.

ఆ సంతకాన్ని ఆఫీసు ఒప్పుకుంటుందో లేదో వచ్చే వారం జిల్లా కేంద్రానికి పోయి తేల్చుకుంటాం. ఆమె ఒక్కతి కాదు, ఇట్లాంటి కాగితాలు పట్టుకుని ఎంతమంది ఉంటే అంతమందిమి పోతాం. మీ ఊళ్లో ట్రంకుపెట్టెలు కూడా దించండి. పాత ప్రోగ్రెస్ కార్డులు, హాజరు కాగితాలు, ఫీజు రసీదులు ఏరండి. మన దగ్గర రుజువు లేదన్నవాళ్లకి మన పిల్లల చేతిరాతే రుజువు.

చదువు చెప్పిన వేలు ఇది. దీన్ని ఎవరికీ ఇచ్చేది లేదు.

జై భీమ్.